జైలుకెళ్ళిన ఇద్దరు మాజీ అధ్యక్షులు

“ఎడ్వర్డ్ అంకుల్‌ని జైల్లో పెట్టింది నేను కాదు. మీరు. ముందు వరసలో కూర్చున్న మీ ఐదుగురూ కలిసి పెట్టారు. ఆరేళ్ళుగా ఆయన ఏం చేస్తున్నాడో మీకు తెలుసు. తెలిసే ఆమెన్ అన్నారు. కోర్టు కాగితం వచ్చిన రోజున వెళ్ళి ఇచ్చెయ్యండి అంకుల్ అని ఒక్కడన్నా అన్నాడా? అనలేదు. ఆ రోజు కూడా ఆమెన్ అన్నారు.”

పుష్పవతి ఈ మాట అనేటప్పటికి హాల్లో అరవై మంది దాకా ఉన్నారు. ఐర్లండులో ములింగార్ అనే ఊళ్ళో ఫుట్‌బాల్ క్లబ్బు దగ్గర ఆదివారాలకి అద్దెకు తీసుకునే హాలు అది. ఆరాధన అయిపోయింది. వెనకాల బల్ల మీద టీ మరుగుతోంది, దాని దగ్గరికి ఎవరూ పోవడం లేదు. ఆమెను నిలబెట్టింది క్షమాపణ చెప్పించడానికి. ఆమెకు కష్టం లేకుండా సంఘం కార్యదర్శి ప్రసన్న కుమార్ ఆ క్షమాపణ టైపు చేయించి తెచ్చాడు కూడా. చదివితే చాలు. ఆమె ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, వంగి, ఎప్పుడూ ఊగే ప్రసంగం బల్ల కాలు కింద పెట్టింది. బల్ల ఊగడం మానేసింది. ఆ తర్వాతే నోరు తెరిచింది.

ఎడ్వర్డ్ గారంటే ఆ తెలుగు క్రైస్తవ సంఘానికి పునాది వేసిన మనిషి. పదకొండేళ్ళు అధ్యక్షుడు. రెండేళ్ళ కింద పదవి దిగిపోయాడు గానీ, ఆయన దిగిన సంగతి ఎవరికీ పెద్దగా తెలియలేదు. చిన్న పిల్లకి పేరు పెట్టాలన్నా, అద్దె ఇంటికి లీజు మీద సంతకం పెట్టాలన్నా ఆయన్నే అడిగేవాళ్ళు. ఆయనకు ఒక ఏజెన్సీ ఉంది. మన ఊళ్ళ నుంచి నర్సింగు చదివిన వాళ్ళని తెచ్చి, ఇక్కడి ముసలివాళ్ళ హోముల్లో కేరర్లుగా పెడతాడు. నర్సులు కేరర్లుగా ఎందుకు చెయ్యాలి అంటే, ఇక్కడి బోర్డులో రిజిస్టరు అయ్యేదాకా నర్సు నర్సు కాదు. రిజిస్టరు కావాలంటే ఒరిజినల్ సర్టిఫికెట్లు బోర్డు వాళ్ళకి చూపించాలి.

ఆ ఒరిజినల్సే మొత్తం కథ.

పుష్పవతి ఐర్లండులో దిగింది ఆరేళ్ళ కింద జనవరిలో. బాపట్ల దగ్గర మిషన్ ఆసుపత్రిలో చదివింది, పదిహేనేళ్ళు సర్జికల్ వార్డులో పనిచేసింది. విమానం దిగేటప్పటికి ఒంటి మీద పల్చటి స్వెట్టరు, చెయ్యి పట్టుకుని పదేళ్ళ కూతురు ఫెబి. భర్త రత్నకుమార్ వెనకాల ట్రాలీ తోసుకుంటూ వస్తున్నాడు. బయట గాలి చెంప మీద కొట్టినట్టు ఉంది. ఎడ్వర్డ్ గారు ఎదురొచ్చి, “వందనాలమ్మా” అని, ఇంకో మాట లేకుండా తన ఒంటి మీద కోటు విప్పి ఆమెకు తొడిగాడు. ఆయన చొక్కాతో కారు దాకా నడిచాడు. కార్లో అన్నం, మాగాయ, గుడ్ల కూర ఉన్నాయి. ఆయన భార్య రోజీ ఆంటీ వండి పంపింది. ఆ కోటు తిరిగి ఇవ్వబోతే, ఉంచుకోమ్మా అన్నాడు. మోకాళ్ళ కిందికి వచ్చే నల్ల కోటు. ఆరేళ్ళు అదే తొడుక్కుని ఆమె పనికి పోయింది.

ఆ ఏడాది మే నెలలోనే సర్టిఫికెట్ల ప్రార్థన జరిగింది. ఈ సంఘంలో అది ఆచారం. రిజిస్ట్రేషనుకి పెట్టుకునే వాళ్ళు తమ ఒరిజినల్స్ అన్నీ ఒక ఫైల్లో పెట్టి, ఆరాధన బల్ల మీద పెడతారు. పెద్దలు వాటి మీద చేతులుంచి ప్రార్థన చేస్తారు. తర్వాత ఎడ్వర్డ్ గారు ఫైళ్ళు తీసుకుని, మిగతా పని నేను చూసుకుంటా అంటాడు. రసీదు అడిగిన వాడు లేడు. చేతులుంచి ప్రార్థన చేసిన కాగితానికి రసీదు అడిగితే విశ్వాసం లేనట్టు. పదిహేనేళ్ళు వార్డులో ఒక్క మాత్రకి కూడా సంతకం లేకుండా ఇవ్వని మనిషి, తన బతుకు మొత్తం ఉన్న ఫైలుని సంతకం లేకుండా ఇచ్చేసింది. ఆమెతో పాటు ఇంకో పదహారు మంది.

తర్వాత ఏమైంది అంటే ఏమీ కాలేదు. అడిగితే, “బోర్డు దగ్గర ఉందమ్మా.” ఆరు నెలలకి, “పోస్టులో ఉంది.” ఏడాదికి, “దేవుని టైం రావాలమ్మా.” మూడో ఏడాదికి ఆమెకి అర్థమైంది. రిజిస్టరు అయితే ఆసుపత్రికి పోతారు, ఆసుపత్రికి పోతే ఆయన ఏజెన్సీ ఖాళీ, డబ్లిన్‌కో కార్క్‌కో పోతే సంఘం ఖాళీ. అలాగని ఆయన దొంగ అని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. అందరినీ ఒక చోట కట్టి ఉంచడం మేలు చెయ్యడమే అని ఆయన నిజంగానే నమ్మాడు. అదే పెద్ద చిక్కు. దొంగ అయితే ఎప్పుడో దొరికేవాడు.

మార్చిలో బోర్డు నుంచి ఉత్తరం వచ్చింది. జూన్ ముప్పైలోపు ఒరిజినల్స్ చూపించకపోతే ఆమె అర్జీ మూసేస్తారు. మళ్ళీ మొదటి నుంచి పెట్టుకోవాలంటే పరీక్షలూ, అన్నీ. నలభై నాలుగేళ్ళు. ఇంకోసారి మొదలుపెట్టే ఓపిక లేదు. పోనీ డూప్లికేటు తెప్పించుకుందామంటే, ఆమె చదివిన నర్సింగు స్కూలు మూతపడి ఎనిమిదేళ్ళయింది. రిజిస్టర్లు చెదలు తిన్నాయని చెప్పిన గుమాస్తా కూడా చనిపోయాడు. ఆ ఫైలు దొరికితే ఆమె నర్సు. దొరక్కపోతే బతికినన్నాళ్ళూ నర్సింగు తెలిసిన కేరరు.

ఊళ్ళో ఉచితంగా న్యాయ సలహా చెప్పే చోటు ఉంది, లైబ్రరీ పక్కన. అక్కడ ఒక కుర్ర సాలిసిటరు, ముక్కు ఎర్రగా, జలుబుతో, ఆమె చెప్పిందంతా విన్నాడు. “రసీదు ఉందా?” అన్నాడు. లేదంది. “చూసిన వాళ్ళు?” అన్నాడు. “అరవై మంది,” అంది. అతను తుమ్మి, “అది రసీదు కంటే నయం,” అన్నాడు. ఆ మాటకి ఆమె ఆ కుర్రాడి కోసం ఇప్పటికీ రోజూ ప్రార్థన చేస్తుంది.

అరవై మందిలో నలుగురు సాక్ష్యం రాసిచ్చారు. కోర్టు ఎడ్వర్డ్ గారిని పిలిచింది. ఆయన పోలేదు. రెండోసారి పిలిచింది. పోలేదు. ఇరవై ఒక్క రోజుల్లో ఆ ఫైలు ఆమెకు ఇచ్చెయ్యాలని జడ్జి ఆర్డరు వేశాడు. ఆ ఆర్డరు కాగితం ఆయన చేతికి ఇచ్చినప్పుడు ఆయన దాన్ని చదవకుండా పాటల పుస్తకంలో పెట్టుకున్నాడట. ఇరవై ఒక్క రోజులూ అయిపోయాయి. ఇక సాలిసిటరు అన్నాడు, “ఇప్పుడు మీరు ఒక అఫిడవిట్ మీద సంతకం పెడితే, కోర్టు మాట వినలేదని ఆయన్ని గార్డులు తీసుకొస్తారు. అప్పటికీ ఇవ్వకపోతే జైలు.” గార్డులంటే ఇక్కడి పోలీసులు.

ఆమె పెన్ను పట్టుకుంది. పట్టుకున్న చెయ్యికి ఆ కోటు చెయ్యి ఉంది. సంతకం పెట్టలేదు. రేపు వస్తానని లేచి వచ్చేసింది.

ఇంట్లో రత్నకుమార్ క్లోనీ అనే ఊళ్ళో డేటా సెంటరు సెక్యూరిటీ డ్యూటీ నుంచి అప్పుడే వచ్చి బూట్లు విప్పుతున్నాడు.

“ఆయన లేకపోతే మనం ఇక్కడ లేం పుష్పా,” అన్నాడు.

“లేం. నిజమే.”

“ముసలాయన. అరవై నాలుగేళ్ళు. గార్డులు వచ్చి చెయ్యి పట్టుకుంటే ఎట్టా ఉంటది?”

“నాకూ అదే గుండెల్లో ఆడుతోంది. మీరు కొత్తగా చెప్పేదేం లేదు.”

సోఫాలో ఫోను చూసుకుంటున్న ఫెబి తల ఎత్తకుండా, “మమ్, హీ టుక్ యువర్ స్టఫ్, లైక్,” అంది. అమ్మానాన్నా తెలుగులో ఏం మాట్లాడినా ఆ పిల్లకి అర్థమవుతుంది, జవాబు మాత్రం ములింగార్ యాసలో వస్తుంది.

“నీకు తెలీదులే, నువ్వుండు,” అన్నాడు రత్నకుమార్.

“గ్రాండ్,” అంది ఫెబి. ఇక్కడ సరేలే అనడానికి అదే మాట. మళ్ళీ ఫోన్లోకి పోయింది.

మర్నాడు మధ్యాహ్నం హోములో భోజనాల గదిలోకి పుష్పవతి వెళ్ళేసరికి గ్రేస్ ఒక్కతే ఉంది. గ్రేస్ ఆఫ్రికా మనిషి. ఇద్దరూ నాలుగేళ్ళుగా ఒకే కారిడారులో ముసలివాళ్ళని లేపి, కడిగి, తినిపించే జంట. గ్రేస్ తన ఫోన్ని పంచదార డబ్బాకి ఆనించి పెట్టుకుని చూస్తోంది. బుగ్గల మీద నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు.

“ఏమైంది గ్రేస్? ఇంట్లో ఎవరికన్నా?”

“రా, కూర్చో. మా అధ్యక్షుణ్ణి జైలుకి పంపారు.”

గ్రేస్ దేశాన్ని పద్నాలుగేళ్ళు ఏలిన మనిషి ఆయన. ముందు బడి పంతులు. పంతులు గనక పలక మీద రాసినట్టు ఒక్కొక్కటీ కట్టుకుంటూ పోయాడు, రోడ్లు, బళ్ళు, క్లినిక్కులు. దిగిపోయే రోజున మాత్రం దేశంలోని భూముల రికార్డులు తొంభై పెట్టెల్లో సర్దించి తన తోట ఇంటికి పట్టుకుపోయాడు. ఏ భూమి ఎవరి చేతిలోంచి ఎవరి చేతిలోకి పోయిందో అంతా వాటిలో ఉంది. తిరిగి ఇమ్మని కోర్టు అంది. ఈ కోర్టు కట్టించిందే నేను, అది నన్ను పిలవడమేంటి అన్నాడు. మూడుసార్లు పిలిచారు. మూడుసార్లూ రాలేదు. ఆ రోజు ఒక ఆడ జడ్జి గంటసేపు తీర్పు చదివి, కోర్టు ధిక్కారానికి నాలుగు నెలలు అంది.

ఫోన్లో పుష్పవతి కూడా చూసింది. జైలు గేటు ముందు కారు ఆగింది. ముసలాయన దిగాడు. కాపలా సిపాయిలకి ఆయన్ని పట్టుకోవాలా, సెల్యూట్ కొట్టాలా తెలియలేదు. ఒకడు సగం చెయ్యెత్తి దించేశాడు. ఆయనే తన సంచీ తను మోసుకుని లోపలికి పోయాడు.

“ఏడుస్తున్నావు. బాధా, సంతోషమా?” అంది పుష్పవతి.

“రెండూ,” అంది గ్రేస్. “మా అమ్మ నన్ను కన్నది ఆయన కట్టించిన క్లినిక్‌లో. అది లేకపోతే మా అమ్మా లేదు, నేనూ లేను. ఆయన ఆఖరి ఎన్నికలప్పుడు, చిన్నపిల్లని, డాన్సు చేశా, చెప్పులు తెగేదాకా. ఇప్పుడు ఆయన కాలు జారి పడ్డాడంటే మోకాళ్ళ మీద కూర్చుని ప్రార్థన చేస్తా.”

“మరి?”

“మరేంటి? మా అమ్మ పొలం కాగితం ఆ పెట్టెల్లో ఉంది పుష్పా. క్లినిక్ ఇచ్చినందుకు థాంక్స్. పొలం తీసుకోమని మేం చెప్పలేదు కదా.” అప్పుడు ముక్కు తుడుచుకుంది. “ఆయన్ని లోపల పెట్టింది దొంగతనానికి కూడా కాదు, తెలుసా? పిలిస్తే రానందుకు. అంతే. మా ఊళ్ళో మేక తప్పిపోయిన వాడైనా కోర్టు పిలిస్తే చొక్కా ఇస్త్రీ చేసుకుని పోతాడు. ఆయనా అలాగే పోవాలని ఆ జడ్జమ్మ చెప్పింది. నాకు ఇన్నాళ్ళకి మా దేశం సొంత ఇల్లులా అనిపించింది.”

పుష్పవతి టీ చల్లారిపోయింది. ఆరేళ్ళుగా ఆమె కృతజ్ఞత అంటే నోరు మూసుకోవడం అనుకుంది. సంఘంలో ఆ మాట వాడేదే అందుకు. ఎవరన్నా ఏమన్నా అడిగితే చాలు, నిన్ను ఎవరు తెచ్చారో మర్చిపోయావా అంటారు. ఇక్కడ ఈ గ్రేస్ ఒకే మనిషి కోసం ఏడుస్తూ, అదే మనిషిని బోనెక్కించిన జడ్జికి దండం పెడుతోంది. రెండూ ఒక గుండెలో పట్టాయి. పట్టవని చెప్పిందెవరు?

ఆమె డ్యూటీ దిగి తిన్నగా లైబ్రరీ పక్కకి పోయి సంతకం పెట్టింది. కోటు తొడుక్కునే పెట్టింది.

మూడు రోజుల తర్వాత, దుప్పట్లు మడతపెడుతుంటే గ్రేస్ మిగతా సంగతి చెప్పింది. ఆ తొంభై పెట్టెలూ కోర్టుకి చేరాయట. పోలీసులు కాదు తెచ్చింది. ముసలాయన డ్రైవరు. పద్నాలుగేళ్ళు ఆయన కారు నడిపినవాడు. తోట ఇంట్లో పెట్టెలు ఎక్కడున్నాయో వాడికే తెలుసు. లారీ మాట్లాడుకుని, తనే ఎక్కించి, తనే నడుపుకుంటూ వచ్చి కోర్టు మెట్ల ముందు దింపి, అక్కడే కూర్చుని ఏడ్చాడట.

“ముసలాయనకి కోపం రాలేదూ?” అంది పుష్పవతి.

“రాకేం. వాడితో మాట మానేశాడు. వాడు మాత్రం రోజూ భోజనం తీసుకెళ్ళి జైలు గేటు దగ్గర ఇచ్చి వస్తున్నాడు. ఆ కొన పట్టుకో, దుప్పటి నేల మీద పడుతోంది.”

గురువారం ఎడ్వర్డ్ గారిని గార్డులు కోర్టుకి తెచ్చారు. చెయ్యి పట్టుకోలేదు. పక్కన నడిచారంతే. అందుకు ఆమె మనసులోనే వాళ్ళకి దండం పెట్టుకుంది. ఆయన నీలం సూటులో ఉన్నాడు, కోటు లేదు. జడ్జి పెద్దవాడు, అద్దాలు ముక్కు చివరకు వచ్చిన మనిషి. ముందు పుష్పవతి పేరు ఎలా పలకాలో ఆమెనే అడిగి, రెండుసార్లు పలికి చూసుకున్నాడు. ఈ దేశంలో అంతవరకు ఎవరూ రెండోసారి ప్రయత్నించలేదు.

“ఆ కాగితాలు మీ దగ్గర ఉన్నాయా?” అని జడ్జి ఎడ్వర్డ్ గారిని అడిగాడు.

“దేవుని బల్ల మీద పెట్టినవి దేవునివి. వాటి గురించి మనుషుల కోర్టుకి చెప్పను.”

“ఎక్కడున్నాయి?”

“చెప్పను.”

జడ్జి అద్దాలు తీసి పక్కన పెట్టాడు. “మీ విశ్వాసం గురించి నేను అడగడం లేదు. ఈమె కాగితం గురించి అడుగుతున్నాను. మూడోసారి అడుగుతున్నాను.”

ఎడ్వర్డ్ గారు పైకి చూశాడు. వెనక బెంచీల్లో పెద్దలు ఐదుగురూ ఆమెన్ అన్నారు.

“అయితే జైలుకి వెళ్ళండి,” అన్నాడు జడ్జి. “ఈ రోజు చెప్తే ఈ రోజే ఇంటికి. రేపు చెప్తే రేపు. ఎన్నాళ్ళుంటారో నా చేతుల్లో లేదు, మీ చేతుల్లో ఉంది.”

వెళ్ళేటప్పుడు ఎడ్వర్డ్ గారు ఆమె వైపు చూశాడు. కోపంగా చూసి ఉంటే బాగుండేది. కూతురి వైపు చూసినట్టు చూశాడు.

అదీ జరిగింది. ఆదివారం వచ్చేటప్పటికి ఆయన వీరుడైపోయాడు. విశ్వాసం కోసం సంకెళ్ళు పడ్డ పాతకాలపు భక్తుల వరసలో ఆయన్ని నిలబెట్టి ప్రసన్న కుమార్ గంటసేపు మాట్లాడాడు. జైల్లో ఆయనకి అన్నం దొరకడం లేదని చెప్పి కొందరిని ఏడిపించాడు. ఆఖర్న పుష్పవతిని లేపి ఆ టైపు కాగితం చేతిలో పెట్టాడు.

ఇప్పుడు ఆ కాగితం బల్ల కాలు కింద ఉంది. ప్రసన్న కుమార్ మొహం ఎర్రగా ఉంది.

“కృతజ్ఞత లేదు నీకు సిస్టర్. అదొక్కటే చెప్తా. నిన్ను ఈ దేశం తెచ్చిన మనిషి చల్లటి గదిలో పడుకుంటే, నువ్వు ఇక్కడికి ఆయన కోటే తొడుక్కుని వచ్చావు. సిగ్గనిపించలా?”

“అనిపించలా బ్రదర్. కావాలనే తెచ్చా.” ఆమె కోటు విప్పి చేతి మీద వేసుకుంది. “కృతజ్ఞత గురించి నాకు మీరు చెప్పకండి. ఆ జనవరిలో ఆయన చొక్కాతో నడిచాడు, నేను కోటుతో నడిచా. అది నేను చచ్చేదాకా మర్చిపోను. రోజీ ఆంటీ చేసిన గుడ్ల కూర రుచి ఇప్పటికీ నాలిక మీద ఉంది. మా ఫెబికి జ్వరం వస్తే అంకుల్ జీపీ డాక్టరు దగ్గరికి ఎత్తుకుని పోయాడు. అన్నీ లెక్కలోనే ఉన్నాయి నాకు. కానీ కోటు ఇచ్చినందుకు సర్టిఫికెట్టు తీసుకోవచ్చని ఎవరన్నారు? ఆయన అనలేదు. మీరు అనిపించారు. ఆరేళ్ళు పొగిడి పొగిడి, ఆయన తప్పు చేస్తుంటే తప్పని చెప్పే మనిషి ఒక్కడు కూడా చుట్టుపక్కల లేకుండా చేశారు.”

“మాకేం తెలుసు ఆ ఫైళ్ళ సంగతి? అంకుల్‌ని అడుగు,” అన్నాడు వరసలో రెండో పెద్దాయన.

“అడిగింది కదా, కోర్టులో,” అన్నాడు వెనక నుంచి ఎవరో. కొందరు నవ్వారు. నవ్వి, నవ్వినందుకు తల దించుకున్నారు. వాళ్ళల్లో ఆరేడుగురి ఫైళ్ళు కూడా ఆ పదిహేడులోవే.

పుష్పవతి అప్పుడు గ్రేస్ వాళ్ళ ముసలాయన సంగతి చెప్పింది. తొంభై పెట్టెలూ, ఆ ఆడ జడ్జీ, సంచీ మోసుకుని లోపలికి పోవడం. ఆఖర్న డ్రైవరు సంగతి.

“ఆయన్ని నిజంగా ప్రేమించింది ఆ డ్రైవరే. బయట నిలబడి జిందాబాద్ కొట్టిన వాళ్ళు కాదు. అంకుల్ ఆ జైల్లో ఉన్నది ఒక ఫైలు కోసం. అది ఇస్తే ఆయన రేపే ఇంటికొస్తాడు, అన్నం తింటాడు. నాకు మంగళవారం ఆఖరి రోజు. ఆయనకి ఏ రోజైనా సరే. ఇద్దరి విడుదలా ఒక్క చోటే ఉంది. అది ఎక్కడుందో మీలో ఎవరికీ తెలీదా?”

 ముందు వరసలో ఐదు తలలూ, ఒక్క క్షణం, ఒకే వైపుకి తిరిగి వెనక్కి వచ్చాయి. వేదిక పక్కన గోడలో, క్లబ్బు వాళ్ళు సంఘానికి వదిలేసిన ప్రెస్ వైపు. అల్మారాని ఇక్కడ ప్రెస్ అంటారు. దానికి రెండు తలుపులు. ఎడమ దాంట్లో పాటల పుస్తకాలూ, గిన్నెలూ. ఆదివారం ఆదివారం పుష్పవతే తీస్తుంది, పుష్పవతే సర్దుతుంది. కుడి తలుపుకి ఎప్పుడూ తాళం. పాత కర్టెన్లున్నాయని చెప్పేవాళ్ళు. ఆరేళ్ళు తన ఫైలుకి మూరెడు దూరంలో నిలబడి ఆమె గిన్నెలు తుడిచింది.

“తాళం అంకుల్ దగ్గరుంది,” అన్నాడు ప్రసన్న కుమార్, ఎవరూ అడక్కముందే.

“లేదు,” అంది ఒక గొంతు. “నా దగ్గరుంది.”

రోజీ ఆంటీ ఆఖరి వరసలో, కిటికీ పక్కన కూర్చుని ఉంది. ఆమె లేచింది. మెల్లగా నడిచే మనిషి, మోకాళ్ళ నొప్పులు. హాలు మొత్తం దాటి రావడానికి చాలా సేపు పట్టింది. ఎవరూ ఆపలేదు.

“నలభై ఏళ్ళ నుంచి ఆయన తాళాలన్నీ నా సంచీలోనే ఉంటాయి,” అంది. “ఏది దేనిదని ఎప్పుడూ అడగలా. పొద్దున ఫోన్లో మాట్లాడారు. బాగున్నా రోజీ, బాగున్నా అన్నారు. ఆయన రెండుసార్లు బాగున్నా అన్నారంటే బాగాలేరు.” అద్దాల పెట్టె తెరిచి, అందులోంచి చిన్న తాళంచెవి తీసింది. “పెద్దలు మాట్లాడతారు కదా అని మూడు రోజులు చూశా. ఎవరూ మాట్లాడలా. ఈ అమ్మాయి ఒక్కతే ఆయన అన్నం తినాలంటోంది.”

తాళం ఆమే తీసింది.

లోపల పదిహేడు ఫైళ్ళు. నిలువుగా, బళ్ళో పుస్తకాల్లా సర్ది ఉన్నాయి. ఒక్కొక్క దాని మీద తెల్ల కాగితం అంటించి ఎడ్వర్డ్ గారి గుండ్రటి అక్షరాల్లో పేరు, ప్రార్థన జరిగిన తేదీ. చెమ్మ తగలకుండా ప్రతి ఫైలుకీ ప్లాస్టిక్ కవరు. పుష్పవతి తన దాన్ని తీసింది. సర్టిఫికెట్టు మీది ఫోటోలో రెండు జడలతో ఇరవై ఏళ్ళ పుష్పవతి, మూల మీద మిషన్ ఆసుపత్రి ముద్ర. ఒక్క అంచు నలగలేదు. ఒక్క మరక లేదు. ఆమె కళ్ళు అప్పుడు నిండాయి. దాచినవాడు ఇంత జాగ్రత్తగా దాచాడు. దానికీ ఆయనకు దండం పెట్టాల్సిందే. ఊళ్ళో ఉండి ఉంటే ఇవీ చెదల పాలయ్యేవేమో.

రత్నకుమార్ దగ్గరికొచ్చి ఆ కాగితం వైపు చూసి, ఆమె చేతి మీది కోటు తను తీసుకున్నాడు. మిగతా వాళ్ళు ఒక్కొక్కరే వచ్చి తమ పేర్లు వెతుక్కుంటున్నారు. గొడవ లేదు. ఆరాధనలో కంటే మెల్లగా మాట్లాడుకుంటున్నారు.

పుష్పవతి రోజీ ఆంటీ చేతులు రెండూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. తర్వాత ముందు వరస వైపు తిరిగింది.

“లేవండి. టీ తాగుతూ మాట్లాడుకుందాం అనకండి, ఇది అయ్యాకే టీ. రేపు పదిన్నరకి కోర్టు తెరుస్తారు. నా ఫైలు నాకు ముట్టిందని నేను చెప్తా, జడ్జి వినేట్టు చెప్తా. మీ ఐదుగురూ వచ్చి, అది ఎక్కడుందో మాకు తెలుసు, తెలిసీ చెప్పలేదని మీ నోటితో చెప్పండి. ఆ భారం ముసలాయన ఒక్కడే మొయ్యకూడదు. ప్రసన్న కుమార్ బ్రదర్, మీ వ్యానులో రోజీ ఆంటీని జైలు గేటు దాకా తీసుకెళ్ళండి. ఆయన బయటికి రాగానే ఈ కోటు ఆయనకి తొడగండి. ఇక మీద ఈ బల్ల మీద ఎవరి ఒరిజినల్ పెట్టినా, ప్రార్థన అయిన నిమిషంలో తిరిగి వాళ్ళ చేతికే రావాలి. ఎంత పెద్దాయన అడిగినా, అధ్యక్షుడైనా, మాజీ అయినా. ఈ ప్రెస్‌కి తాళం ఉండకూడదు. రేపు కాదు, ఇప్పుడే పీకెయ్యాలి. ఎవరి కార్లో ఉంది స్క్రూడ్రైవరు? వెళ్ళి పట్రండి.”